మేజర్ సాబ్ సొరచేప

సముద్రం మొహం సరిగ్గా ఎరగనివాడు సొరచేపల వేటకు దారి చూపిస్తే ఏమవుతుందో చెప్తాను. పడవ మునగలేదు. నేను మునిగాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే కోపంతో చెవులు వేడెక్కుతాయి. ముందు నా మీద, ఆ తర్వాత వరుసగా అందరి మీదా.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. సికింద్రాబాదులో ఒక చిన్న దినపత్రికలో టెంపరరీ విలేకరిని. మాది మెట్టుగూడ, నాన్న రైల్వేలో గార్డు. అమ్మ పుట్టిల్లు బందరు. ఆరేళ్లప్పుడు ఒకసారి తాతయ్య నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాడు. చూసి ఏడ్చాను. ఆ ఒక్క ఏడుపు పెట్టుబడితో ఆఫీసులో సముద్రశాస్త్రవేత్తనైపోయాను. తాతతో కలిసి గేలానికి సొరచేపలను లాగిన కథలు వారానికొకటి చెప్పేవాణ్ణి. హైదరాబాదు రాజ్యానికి సముద్రం లేకపోవడం నా అదృష్టం, నా అబద్ధాలను కొలిచేవాడు లేడు. దూరపు కొండలు నునుపంటారు. దూరపు సముద్రమైతే మోకాలి లోతే.

ఆ కథలు మా యజమాని చెవిన పడ్డాయి. కంటోన్మెంటుకు కొత్తగా వచ్చిన ఒక మేజరుతో ఆయనకేదో పని పడింది. ఆ మేజరు పులులను కొట్టాడట, ఇప్పుడు పెద్ద సొరచేప పక్కన నిలబడి ఫోటో దిగాలట. యజమాని నన్ను గదిలోకి పిలిచాడు.

"నువ్వే ముందుండి తీస్కపో. మేజర్ సాబ్ ఖుష్ అయితే నీ నౌకరీ పక్కా. కాకుంటే వేరే జాగ చూస్కో."

నాకు చేతకాదని ఒక్కమాట అంటే ఈ కథ లేదు. "అదెంత పని సార్" అన్నాను.

మేజరు, యజమాని, నేను ముగ్గురం బెజవాడ మీదుగా బందరు చేరి, అక్కడికి దగ్గర్లో ఒక పల్లెకారుల పాలెంలో దిగాం. పడవ పోలయ్యది. అరవై ఏళ్ల మనిషి, ఒళ్లంతా ఎండుచేపలా బిగిసిపోయి ఉంటాడు. తెల్లారకముందే బయల్దేరాలన్నాడు. నేను ఆఫీసులో టైపు కొట్టించుకొచ్చిన కాగితం తీశాను. ఏడింటికి టీ, ఏడున్నరకు గుడ్లు, ఎనిమిదింటికి పడవ. గార్డు కొడుకును కదా, సముద్రానికి కూడా టైంటేబుల్ వేశాను.

"పోటు దిగిపోతే ఏటిమొగ కాడ పడవ తేలదు బాబూ. ఎనిమిదింటికి అక్కడ బురదే ఉంటది," అన్నాడు పోలయ్య.

"గదంతా నాకు తెల్వదా? చెప్పినట్టు చెయ్యి."

"నాకేం, చేస్తాను. సముద్రానికే చదువు రాదు, మీ కాగితం చూడదు."

మర్నాడు మేజరు అరగంట గడ్డం గీసుకున్నాడు. మొదటి గుడ్డు సరిగా ఉడకలేదని వెనక్కి పంపాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టంటారు. నేను మేజరు మీది కోపమంతా పోలయ్య మీద చూపించాను. తాడు ఆలస్యంగా విప్పాడని తిట్టాను, తెడ్డు పట్టింది సరిగా లేదని తిట్టాను. నేను తెడ్డును అంత దగ్గరగా చూడటం అదే మొదలని గుర్తుంచుకోండి.

ఏరు సముద్రంలో కలిసే ఆ ఏటిమొగ దగ్గర పడవ బురదలో ఎనుములా కూర్చుంది. మళ్లీ పోటు వచ్చేదాకా అది కదలదు. మధ్యాహ్నం దాకా ఎండలో అలాగే ఉన్నాం. సొరచేప ఎక్కడుందని మేజరు అరగంటకోసారి హిందుస్తానీలో అడిగేవాడు. నేను సముద్రం వైపు చెయ్యి చూపేవాణ్ణి. అబద్ధం కాదు కదా. యజమాని మాత్రం బట్టతల మీద తడి రుమాలు వేసుకుని నన్నే చూస్తూ కూర్చున్నాడు.

పోటు వచ్చింది. దానితోపాటే, చీకటితో వేటకు పోయిన పోలయ్య కొడుకు పడవ వచ్చింది. అందులో రెండు నిలువుల సొరచేప. మేజరు ముఖం మొదటిసారి వికసించింది. తను పట్టకపోతేనేం, ఫోటోకు ఆ సంగతి తెలియదు కదా. స్నానం చేసి యూనిఫారం వేసుకుని కెమెరాతో వస్తానని, అప్పటిదాకా దాన్నెవరూ ముట్టరాదని చెప్పి, యజమానిని వెంటేసుకుని బసకు వెళ్లాడు. నా పర్మనెంటు ఉద్యోగం ఇసుకలో వెల్లకిలా పడి ఉంది.

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. వాళ్ల పాలెంలో ఏడాదికి మొదటి సొర పడితే ముందు బాలింతలకు పంచాలి. ఉడికించి, పొడిపొడిగా చిదిమి పిట్టు చేసి పెడితే పాలు పడతాయి. ముగ్గురున్నారు, వాళ్ల వాటా కోయక తప్పదన్నాడు.

"మేజర్ సాబ్ చేప అది. అర్ధగంట ఆగితే ఏం పోతది?" అని అరిచాను.

"పొద్దుట్నించి అరుస్తానే ఉన్నావు బాబూ. మీ దొరింట్లో బాలింత ఉందా ఏంది?"

ఎగతాళికే అన్నాడు. కోపంలో నాకది దారిలా కనిపించింది.

"ఉన్నది. మొన్ననే కాన్పయింది. చేప ముందు ఆయనది. ఇగ ముట్టకుర్రి."

పోలయ్య ముఖం మెత్తబడింది. "ఆ మాట ముందే చెప్పొద్దా," అని ఆడవాళ్లను కేకేశాడు. పని అయిందనుకుని నేను మేజరును పిలుచుకురావడానికి పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి ఇసుక మీద తల ఒక్కటే ఉంది, పళ్లన్నీ బయటపెట్టి. పక్కన పెద్ద తాటాకు బుట్ట.

"ఊరు దూరం గదా, చెడిపోకుండా కోయించి ఉప్పేయించాను. పెద్ద వాటా దొరగారిదే," అన్నాడు పోలయ్య.

పతకాలతో, కెమెరాతో కొయ్యబారిపోయిన మేజరు దగ్గరికి పోలయ్య ముసలితల్లి వచ్చింది. దిష్టి తీసి మెటికలు విరిచింది.

"మగపిల్లోడా, ఆడపిల్లా నాయనా?"

ఆమె ఏమంటోందని మేజరు నన్నడిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పొద్దుటినుంచి మింగిన కోపం గొంతులోకి వచ్చింది. అక్షరం పొల్లు పోకుండా అనువదించాను. మేజరు ఉడికిన రొయ్యలా అయ్యాడు. యజమాని నా చెవి దగ్గరికి వంగి చాలా నెమ్మదిగా చెప్పాడు.

"ఆయనకింకా పెండ్లి కాలేదురా."

బెజవాడ దాకా బుట్టే వాసనతో మాట్లాడింది. అక్కడ రైలు మారేటప్పుడు యజమాని నన్ను పక్కకు పిలిచాడు.

"నీ టికెట్ సికింద్రాబాద్ దాక ఉన్నది. నౌకరీ గీడిదాకనే."

వాళ్లిద్దరూ ఫస్టు క్లాసు ఎక్కారు. బుట్ట నాకు మిగిలింది. నిలబడ్డచోటే దాని మీద చెయ్యి వేసి, దేవుడి సాక్షిగా, ఈగల సాక్షిగా ప్రమాణం చేశాను: ఎంత కోపం వచ్చినా సరే, ఈ జన్మలో ఎవరింట్లోనూ నా నోటితో కాన్పు చేయను.