మరలో మిగిలిన మినప్పిండి

2009 నాటి మాట. రేపల్లె బజారులో నాది పిండిమర. ఊళ్లో నా అంత శుభ్రంగా మర ఉంచేవాడు లేడని నాకో గర్వం. మర పైన గింజలు పోసే రేకు డబ్బాను హాపర్ అంటాం. ఎంత బాగా ఆడించినా లోపలి రాళ్ల మధ్య రెండు గుప్పిళ్ల పిండి మిగిలి, తర్వాత వచ్చినవాళ్ల డబ్బాలో పడుతుంది. అందుకే ఆడవాళ్లు తమకు ముందు ఏం ఆడించారో చూసుకునేవారు. రాగుల తర్వాత బియ్యం పోయమంటే ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు.

పొలం పనులకు వెళ్లే నాగమ్మ తీరు వేరు. వారానికోసారి రెండు కిలోల రేషన్ బియ్యం తెచ్చి, "మీరు కానివ్వండక్కా" అని అందరినీ ముందుకు పంపేది. ఎవరైనా మినుములు ఆడించుకున్నాకే లేచేది. పాపం, మొహమాటస్తురాలు అనుకున్నాను.

ఒకరోజు ఆమెకు ముందు మినుములు ఆడాయి. నాకు జాలేసింది. మర ఆపి, మూత విప్పి, రాళ్లను బ్రష్షుతో దులిపి, ఆ పిండంతా ఊడ్చి పారేశాను.

"ఇప్పుడు చూడమ్మా, నీ పిండి మల్లెపువ్వులా వస్తుంది" అన్నాను గొప్పగా.

నాగమ్మ ఖాళీ అయిన మరలోకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంత పని చేశావు బాబాయ్!"

"ఏంటమ్మా, ఏమైంది?"

"మా అమ్మాయి బాలింత. చంటిదానికి పాలు చాలట్లేదు. ఏటా వరిచేలో చల్లిన మినుము పీకితే కూలికి గింజలే ఇచ్చేవాళ్లు. ఈ ఏడు వానలకి చేలో నీళ్లు నిలబడి విత్తనం కుళ్లిపోయింది. కొట్లో మినప్పప్పు ధర అడగాలంటేనే భయమేస్తంది. నీ మరలో మిగిలిందే రొట్టెలో కలిసి మా అమ్మాయికి దక్కేది."

సిగ్గుతో చచ్చిపోయాను. మరుసటి వారం ఇంట్లోంచి మినుములు తెచ్చి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఊరికే వద్దు బాబాయ్. మరలో మిగిలింది ఎవరిదీ కాదు. అది చాలు."

సరేనన్నాను. అప్పటినుంచి ఆమె వచ్చే వేళకు మా ఇంటి మినుములు హాపర్‌లో పోసి, సగం పిండి లోపల ఉండగానే మర ఆపేసేవాణ్ణి. "మావి అయిపోయాయి, నువ్వు పోసుకోమ్మా" అనేవాణ్ణి.

కొన్ని వారాలకు నాగమ్మ అడిగేసింది.

"వారం వారం ఈ మినుములేంటి బాబాయ్?"

"మీ పిన్నికి సున్నుండలంటే ప్రాణమమ్మా."

ఆమె నా వంక చూసి నవ్వింది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"పిన్నికి చెప్పు బాబాయ్. పాపకి బుగ్గలొచ్చాయి."

శుభ్రం మంచిదే. కానీ ఇప్పటికీ మర దులిపే ముందు, వరసలో తర్వాత ఎవరున్నారో ఒకసారి చూస్తాను.