మందు దిగులు, ఉత్త దిగులు

నాకు ముందుగా అసహ్యం పుట్టింది పెరుగు మీద. ఫ్రిజ్ తలుపు తీయగానే ఆ పులుపు వాసన ముక్కుకు తగిలేది, వెంటనే మూసేసేదాన్ని. ఆ తర్వాత ఉడుకుతున్న అన్నం. మా ఆయన నములుతుంటే వినబడే చప్పుడు. గోడకు ఆరేసిన తడి తువ్వాలు. చివరికి రెండో తరగతి చదువుతున్న నా కూతురి తలనూనె. కన్నబిడ్డకు జడ వేస్తూ ముఖం పక్కకు తిప్పుకున్న రోజునే నాకేదో జబ్బు చేసిందని తెలుసుకోవలసింది. నేను చెడ్డదాన్నయిపోయానని మాత్రం అనుకున్నాను.

అప్పుడు మేం సికింద్రాబాద్ బోయిగూడలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. ఊళ్ళో ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేరే. మా ఆయన ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేసేవాడు. నేను మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో ఉండేదాన్ని. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటలను హెడ్‌ఫోన్‌లో విని టైపు చేయడం నా పని. డిప్రెషన్ అనే మాట రోజూ నా వేళ్ళ కింద నుంచి పోయేది. నాకది స్పెల్లింగ్ తప్పు పోకుండా చూసుకోవలసిన మాట, అంతే.

ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేయించినప్పుడు నా కాలేయంలో ఏదో తేడా ఉందని తేలింది. మళ్ళీ పరీక్షలు. హెపటైటిస్ సి అన్నారు. పాప పుట్టినప్పుడు ఎక్కించిన రక్తంతో వచ్చి ఉంటుందన్నారు. వారం వారం ఒక ఇంజెక్షన్, రోజూ కొన్ని మాత్రలు, దాదాపు ఏడాది వాడాలన్నారు. ఈ జబ్బు కంచాల వల్లా గ్లాసుల వల్లా అంటుకోదని డాక్టరు గట్టిగా చెప్పినా, సీతాఫల్‌మండి నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా అమ్మ నా గ్లాసును వేరే అరలో బోర్లించింది.

"జాగ్రత్త కోసమేనే. పసిపిల్ల ఉంది కదా ఇంట్లో" అంది.

ఇంజెక్షన్ శుక్రవారం సాయంత్రం వేయించుకునేదాన్ని, జ్వరమేదో శని ఆదివారాల్లో పడి పోతుందని. వేసిన కాసేపటికే వణుకు. ఒళ్ళంతా రోకలితో దంచినట్టు నొప్పులు. దానికి అలవాటు పడ్డాను. కొన్ని వారాలు గడిచాక సోమవారం వచ్చినా, జ్వరం తగ్గినా, మనసు లేవడం మానేసింది. దీన్ని దిగులు అనడానికి నాకు నోరు రాదు. దిగులైతే ఏడుపు వస్తుంది, ఏడిస్తే తేలికవుతుంది. ఇది నోట్లో చేదులాంటిది. ఏది చూసినా రోత. స్నానం చేయాలంటే నా ఒంటిని నేను ముట్టుకోవాలి కదా అని మానేసేదాన్ని. అద్దంలో పలచబడ్డ జుట్టును, ఆ జుట్టు కింద ముఖాన్ని చూస్తే ఇదింకా ఎందుకు కదులుతోందా అనిపించేది. ఆఫీసుకు సెలవు పెట్టాను. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

కాలేయం డాక్టరు రిపోర్టులు చూసి తెగ సంబరపడ్డాడు.

"వైరస్ బాగా తగ్గిందమ్మా! ఇంకేం కావాలి? ఆ ముఖమేంటి అలా పెట్టారు? పాజిటివ్‌గా ఆలోచించండి."

"ఏమీ బాగుండటం లేదండీ" అన్నాను.

"ఇంట్లో ఖాళీగా ఉంటే అలాగే ఉంటుంది" అని బెల్లు కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఆ రోజుల్లో పాజిటివ్ అనే మాట ఊరి మీద అంటువ్యాధిలా పడింది. మా ఆయన కంపెనీలో వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెట్టించేవారు. ఆయన అక్కడి నుంచి ఒక క్యాసెట్ తెచ్చి నా తల దగ్గర పెట్టాడు. అందులో ఒకాయన, గొంతులో నెయ్యి పోసుకున్నట్టు, పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వమని, నేను సంతోషంగా ఉన్నానని పైకి అనమని చెప్తున్నాడు. సంతోషం ఒక నిర్ణయమట. మా ఆయన మంచం అంచున కూర్చుని నా ముఖంలో ఆ నిర్ణయం ఎప్పుడు కనిపిస్తుందా అని చూస్తున్నాడు. ఆయన మంచివాడు. ఆ మంచితనం మీద కూడా నాకు అసహ్యమే వేసింది.

"ఆపండి దాన్ని. వాంతొస్తోంది" అన్నాను.

ఇక చర్చి నుంచి స్త్రీల సమాజం వాళ్ళు వచ్చారు. మా అమ్మే కబురు పెట్టింది. మాది మొదటి నుంచీ చర్చి తెలిసిన కుటుంబం. తాతయ్యది గుంటూరు వైపు మిషన్ స్కూల్లో పంతులు ఉద్యోగం, అమ్మది సికింద్రాబాద్‌లో టీచరు ఉద్యోగం. ప్రార్థన అంటే నాకు కొత్తా కాదు, కోపమూ కాదు. కానీ ఆవేళ సమాజం పెద్దావిడ నా మంచం పక్కన కుర్చీ లాక్కుని, పౌడరు వాసన కొట్టే చెయ్యి నా నుదుటి మీద పెట్టి మెల్లగా అడిగింది:

"ఏదైనా దాచుకున్న పాపం ఉంటే ఒప్పేసుకో తల్లీ. ఒప్పుకుంటే ఈ నీరసం ఒక్క నిమిషం ఉండదు. విశ్వాసికి దిగులేంటి?"

మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. ఒకామె ఒక కన్ను కొంచెం తెరిచి నా ఉతకని దుప్పటి చూస్తోంది. నాకు ఒప్పుకోవడానికి పాపం కూడా దొరకలేదు. ప్రార్థన అయ్యాక ముందుగదిలో కూర్చుని అమ్మ పెట్టిన సమోసాలు తిన్నారు. నా గురించే మాట్లాడుకుంటూ తిన్నారు. "పొగరు అణిగితే దేవుడే లేపుతాడు" అని పెద్దావిడ అనడం, ఆ వెంటనే చట్నీ అడగడం నా గదిలోకి స్పష్టంగా వినబడ్డాయి.

వాళ్ళు మెట్లు దిగుతుంటే కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మా ఆయనను ఆపింది. "అన్నా, గీ ప్రార్థనలు చేసుకోండ్రి గాని, జెర మంచి డాక్టర్‌కి చూపియ్యి. అక్క సూరత్ చూస్తే నాకే పరేషాన్ అయితుంది" అంది. ఆయన తల ఊపి పైకి వచ్చాడు. ఏ డాక్టరుకో ఆయనకు తెలియదు. ఉన్న డాక్టరేమో అంతా బాగుందంటున్నాడు.

అమ్మ వెళ్తూ వెళ్తూ నాతో అన్న మాట: "ఇలాగే పడుకో. మీ చిన్నమ్మలా తయారవుతావు."

మా ఇంట్లో అది పెద్ద తిట్టు. చిన్నమ్మ అమ్మకు సొంత చెల్లెలు. ఆమె కూడా టీచరే. ముప్ఫై దాటీ దాటకముందే వేళ్ళ కణుపులు, మోకాళ్ళు వాచి, బోర్డు మీద రాయలేక ఉద్యోగం మానేసింది. పెళ్ళి కాలేదు. అప్పటి నుంచి సీతాఫల్‌మండిలో అమ్మ ఇంట్లో వెనక గదిలో ఉంటోంది. కీళ్ళవాతమని అందరికీ తెలుసు. కానీ వాపులు వచ్చినప్పుడల్లా ఆమె మాట్లాడటం మానేస్తుంది, తల దువ్వుకోదు, పండగకి కూడా గది దాటి రాదు. ఈ రెండోదాన్ని మాత్రం ఎవరూ జబ్బులో కలపలేదు. నొప్పి నొప్పేగానీ ముఖం ముడుచుకోవడం దేనికి అనేవాళ్ళు. బద్ధకం, పొగరు, పెళ్ళి కాని కుళ్ళు. ఇంకా చాలా పేర్లు పెట్టారు.

ఆ చిన్నమ్మ ఒకరోజు ఆటో కట్టించుకుని మా ఇంటికి వచ్చింది. మేడ మెట్లు ఒక్కొక్కటే, గోడ పట్టుకుని, ప్రతి మెట్టుకూ మూలుగుతూ ఎక్కింది. వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకుంది. నా గదిలో గాలి బాగాలేదని నాకే తెలుసు. ఆమె ముక్కు చిట్లించలేదు.

"అన్నం కంపు కొడుతోందా?" అంది.

"ఊఁ."

"మనుషులు?"

"మనుషులు ఇంకా ఎక్కువ."

"చచ్చిపోవాలని ఉందా?"

ఆ మాట అంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడిగితే ఎక్కడ నిజమవుతుందోనని అందరి భయం. "రోజూ" అన్నాను. అని ఏడ్చాను. అన్ని వారాల్లో అదే మొదటి ఏడుపు.

చిన్నమ్మ మా ఆయనను లోపలికి పిలిచింది. "బాబూ, దీన్ని ఇక ఒంటరిగా వదలకండి. రేపే మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పరువు గురించి తర్వాత చూసుకుందురు గాని."

"ఏముందండీ, రిపోర్టులన్నీ బాగానే..." అని మొదలుపెట్టాడు ఆయన.

"రిపోర్టులు బాగుంటే రిపోర్టులతో కాపురం చేయండి" అంది చిన్నమ్మ. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు వెళ్ళాం. ఆస్పత్రి వరండాలో మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, తెలిసినవాళ్ళు చూస్తారేమోనని. డాక్టరు నడివయసు మనిషి, తొందర లేనివాడు. నేను వాడుతున్న మందు పేరు వినగానే పెన్ను కింద పెట్టి, "ఈ మందుతో ఇలా జరగొచ్చని మీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

"లేదండీ" అన్నాడు మా ఆయన.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఒంట్లోకి క్రిమి వచ్చినప్పుడు దానితో పోరాడటానికి మన ఒళ్ళే కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటుంది. నాకు ఎక్కిస్తున్న ఇంజెక్షన్ అలాంటిదే, చాలా ఎక్కువ మోతాదులో. "జ్వరం వస్తే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు కదమ్మా? అన్నం సయించదు. ఓ మూల ముడుచుకు పడుకోవాలనిపిస్తుంది. అది మీ స్వభావం కాదు. పోరాటంలో ఉన్న ఒళ్ళు మెదడుకు పంపే కబురు. మీ ఒంటికి ఆ కబురు నెలల తరబడి ఆగకుండా వెళ్తోంది. కొందరికి అది నిజమైన డిప్రెషన్ దాకా పోతుంది."

"అయితే అందరి దిగులూ ఇలాగే వస్తుందా సార్?" మా ఆయన అడిగాడు.

"అలా చెప్పలేను. దానికి దారులు చాలా ఉంటాయి. ఇది ఒక దారి. ఏ దారిన వచ్చినా జబ్బు జబ్బే."

కాలేయం డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాడు. ఇంజెక్షన్ మోతాదు తగ్గించారు, మనసుకు మాత్రలు మొదలుపెట్టారు. నన్ను ఒంటరిగా ఉంచొద్దని మా ఆయనకు గట్టిగా చెప్పారు. ఆయన కొన్నాళ్ళు సెలవు పెట్టాడు. ఓనరమ్మ మధ్యాహ్నాలు పైకొచ్చి నా గదిలోనే కూర్చుని కూరగాయలు తరుక్కునేది. మాట్లాడమని అడిగేది కాదు. కొన్ని వారాలకు ఒక పొద్దున వీధి చివర బండి మీద కాలుస్తున్న దోసెల వాసన వచ్చింది. వాసన వాసనలాగే ఉంది. దోసె తెప్పించుకుని సగం తిన్నాను.

నా కథలో నాకు అన్నిటికంటే రోత పుట్టించిన భాగం ఆ తర్వాతే వచ్చింది.

మా అమ్మ ఈ సంగతి ఊరంతా చెప్పింది. "మందు వల్లేనటమ్మా! ఇంజెక్షన్ చేసిన పనట! మా పిల్లలో ఏ లోపమూ లేదట!" సమాజం పెద్దావిడ ఈసారి ఆపిల్ పండ్లతో వచ్చింది. "అలాగా తల్లీ! మేమేదో అనుకున్నాం. మందు వల్లయితే నీ తప్పేముంది?" అని నా బుగ్గ తడిమింది. కాలేయం డాక్టరు కూడా అంతా తనకు ముందే తెలిసినట్టు తల ఊపాడు. నన్ను అందరూ క్షమించారు. నేనేం చేశానని క్షమించారో ఎవరూ చెప్పలేదు. ఆ మందే లేకపోయి, అదే చేదు దానంతటదే నాలో పుట్టి ఉంటే, నేనింకా పాపినే, పొగరుబోతునే. ఆ ఆపిల్ పండ్లు నేను ముట్టుకోలేదు. ఈసారి అది జబ్బు వల్ల కాదు.

చిన్నమ్మతో ఈ మాట అంటే నవ్వింది. "నీకు చూపించడానికి ఒక ఇంజెక్షన్ ఉందే. నేనేం చూపించను?" అంది, వాచిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని.

నా మందుల కోర్సు ముగిసింది. వైరస్ మళ్ళీ కనబడలేదు. ఆఫీసులో తిరిగి చేరాను. చిన్నమ్మను కూడా అదే మనసు డాక్టరుకు చూపిస్తానంటే అమ్మ మండిపడింది.

"దానికేం మందు? అది పుట్టుకే అంత!"

"పుట్టుకే అయితే అంతకుముందు పిల్లలకు పాఠాలెలా చెప్పిందమ్మా?"

అమ్మ పొయ్యి వైపు తిరిగింది. కుక్కరు మూత విసురుగా బిగించింది.

అయినా నేనే తీసుకెళ్ళాను. చిన్నమ్మ కీళ్ళలో ఉన్నది కూడా ఒంటి కాపలా తిరగబడి సొంత ఒంటినే కొట్టే జబ్బు అని, దానితోపాటు మనసు కుంగడం చాలామందిలో చూస్తుంటామని డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆమెకు దొరికింది నొప్పి మాత్రలే. కీళ్ళ డాక్టరు అసలు జబ్బుకు మందు మొదలుపెట్టాడు, ఈయన మనసుకు. వంగిపోయిన వేళ్ళు తిరిగి తిన్నగా కాలేదు. కానీ ఆమె వెనక గది నుంచి బయటికి వచ్చింది. సాయంత్రాలు నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్కడే ఉండే నా కూతురికి ముందుగదిలో కూర్చుని లెక్కలు చెప్పేది. తప్పు చేస్తే, "ఏం చదువులే ఇవి" అని విసుక్కునేది. ఆ విసుగు చూసి మా ఆయన ఎంత సంతోషించాడో.

ఆ ఏడు సమాజం వాళ్ళు స్వస్థత గురించి సాక్ష్యం చెప్పమని మమ్మల్నిద్దరినీ పిలిచారు. నేను వెళ్ళలేదు. చిన్నమ్మ వెళ్ళింది. లేచి నిలబడి, తనకు రెండు జబ్బులున్నాయనీ, రెండింటికీ మందులు వాడుతున్నాననీ, దేవునికి వందనాలనీ చెప్పి కూర్చుందట. ఎవరూ స్తోత్రం అనలేదట.

ఆమెకు పూర్తిగా నయమయిందని రాయలేను. వాపులు ఎక్కువైన నెలల్లో ఇప్పటికీ ముఖం గోడవైపు తిరుగుతుంది. అమ్మ ఇప్పటికీ, ఇంత వయసు మీద పడినా, వంటింట్లోంచి "మళ్ళీ మొదలెట్టింది మహారాణి" అంటుంది. అలాంటి రోజు ఆ ఇంట్లో నాకు మంచినీళ్ళు కూడా దిగవు. అమ్మతో వాదించను. చిన్నమ్మ మాత్రలు, రెండు చీరలు సంచిలో పెట్టి, ఆటో పిలిచి, ఆమెను మా ఇంటికి తెచ్చుకుంటాను.