ఫిరంగి, బస్సు సీటు

ఒక ఇంగ్లిషు ఇడియం నమ్ముకుని చేతికందబోయిన ఉద్యోగం నేనెలా పోగొట్టుకున్నానో చెబుతాను. తారీఖు గుర్తుంది, కానీ రాయను. ఆ రోజు ఇంకెవరికైనా మంచి జరిగి ఉండొచ్చు.

రాయచూరులో ఒక బడికి పోయి పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే పంతులమ్మ పని. నేను 'స్టిక్ టు యువర్ గన్స్' ఎంచుకున్నాను. పూర్వం యుద్ధంలో శత్రువు మీదపడుతున్నా ఫిరంగి దగ్గరివాళ్లు కదలకూడదట. ఎవరేమన్నా పట్టిన మాట వదలకపోవడమని అర్థం. పాఠం నాకు బాగా వంటబట్టింది. అదే కొంప ముంచింది.

మాన్వి బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టాను. మన దగ్గర దస్తీ పడిందంటే రిజిస్ట్రేషన్ అయినట్టే. పక్కన నిలబడ్డ నీలంచీర ఆమె ఆ సీటు వంకే చూస్తోంది. అంతలో కండక్టరు, "టైరు పంచరైంది. రాయచూరు పోయేటోళ్లు పక్క బస్సు ఎక్కుండ్రి" అన్నాడు.

అందరూ లేచారు. ఒక్క సీటు కోసం ఇంతమంది కుట్ర పన్నడం చూసి నాకు జాలేసింది.

"దిగక్కా, గా బస్సు కదుల్తది" అంది నీలంచీర.

"నేను దిగంగనే నువ్వు కూసుంటవ్. గంతే గదా?"

"పంచరైన బస్సుల కూసొని నేనేం జేస్తక్కా?"

"ఏమో. ముందుగాల నువ్వు దిగు."

దిగింది. శత్రువు పారిపోయింది. పంచరు నాకు కనిపించని వైపుంది. కనిపించనిది నేను లెక్కలో వేసుకోను.

కాసేపటికి నా సీటు మెల్లగా పైకి లేచింది. గౌరవం పెరిగిందనుకున్నాను. కింద జాకీ పెట్టారు.

"ఏందమ్మా, ఇంకా గిట్లనే కూసున్నవ్?" అన్నాడు కండక్టరు.

"దిగను."

"కూసో మరి. బస్సుకు కావలి ఉంటది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నేను పట్టిన బస్సుకు నిజంగానే ఒక చక్రం లేదు.

నేను రాయచూరు చేరేసరికి బడి గేటు దగ్గర నీలంచీర ఆమె పేడాలు పంచుతోంది. నా చేతిలోనూ ఒకటి పెట్టింది.

"నువ్వు గూడ గీ పనికే వచ్చినవా అక్కా? జెర ముందొస్తే బాగుండు."

"నువ్వేం పాఠం చెప్పినవ్?"

"'బీట్ ఎ రిట్రీట్'. యుద్ధంల వెనక్కి మళ్లమని నగారా కొడ్తుండిరంట. సమయం చూసి తప్పుకునుడు అని అర్థం. ఉదాహరణకు మాన్వి బస్టాండు ముచ్చట చెప్పిన. పిల్లలు మస్తు నవ్విండ్రు. నీ పేరు తెల్వదు గనక బతికిపోయినవ్."

పేడా చేతపట్టుకుని అక్కడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ ఫిరంగి దగ్గర నిలబడాల్సి వచ్చినా, ముందు దిగి దాని చక్రాలు చూసుకుంటాను.