జహారీ అడిగే మాట

పినాంగ్ రేవు కాఫీ అంగట్లో ముసలి జహారీ ఎప్పుడూ ఇద్దరు పట్టే బల్ల దగ్గరే కూచుంటాడండీ. సాసర్లో కాఫీ ఊదుకుంటూ, ఎదురుగా ఎవరు కూచున్నా, తను ముప్పయ్యేళ్లు కాపలా కాసిన గోడౌను చూపిస్తాడు. "మేం దాన్ని గుడాంగ్ అంటాం. మీ భాషలో ఏమంటారు బాబూ?" అని అడిగి, క్యాలెండరు కాగితం వెనకాల రాయిస్తాడు. జావా వాళ్లకైతే ఆ మాటకి ఇంట్లో సామాన్ల గది అని కూడా అర్థమట. ఇవాళ శ్రీకాకుళం ఓడ పనివాడొకడు లేవబోతూ చెప్పాడు.

"మా దగ్గర గిడ్డంగి, తాతా. మీ మాటకి పుట్టిల్లు మాదేనంటారు."

"అలాగా! రాసి వెళ్లు నాయనా."

అతను కూచుని, రాసిచ్చి వెళ్లాక అంగడామె స్వీ లియాన్ నవ్వింది. "ఏం బాబాయ్, గిడ్డంగి చీటీలు నీ దగ్గర పదకొండున్నాయిగా?"

జహారీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ గుండ్రటి అక్షరాలు రాయాలంటే మనిషి ఇంకాసేపు కూచోవాలి గదమ్మా."