పప్పు ఉడకని నీళ్లు

మోటారు వేయగానే మా బోరు నీళ్లలో మొదట వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసనకు ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు గానీ, నేను మాత్రం ఇంకాస్త దగ్గరికి జరుగుతాను. ఆ వాసన నన్ను నెల్లూరు సముద్రపుటొడ్డున, వలలు ఆరేసిన ఇసుక దిబ్బల మధ్య ఉండిన మా పల్లెకు తీసుకుపోతుంది.

అక్కడ మాకు బావి లేదు. దిబ్బ పక్కన ఆడవాళ్లు ఇసుక తోడి చెలమ చేస్తే, ఉప్పు సముద్రానికి కూతవేటు దూరంలోనే తియ్యటి నీళ్లు ఊరేవి. ఒక ఎండాకాలం ఉదయం, అమ్మ ఎండు చేపలు తిరగేస్తుండగా నేల గుర్రుమంది, ఉట్టి మీది చట్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, నీళ్ల కుండ దొర్లి పగిలింది, అంతలోనే అంతా ఆగిపోయింది. ఇల్లు కూలలేదని సంతోషపడి చెలమకు పోతే, నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా, ఇదే వాసనతో ఉన్నాయి.

నాకు భయం కంటే వింతే ఎక్కువ. "నేల కదిలితే నీళ్లకేమైంది జేజీ?" అని నాయనమ్మ కొంగు పట్టుకున్నాను.

"కుండ కదిలిస్తే అడుగున మడ్డి లెయ్యదా? ఇదీ అంతేనే."

ఇంట్లో మా అక్క పచ్చి బాలింత, నోరెండిపోయి నీళ్ల కోసం చూస్తోంది. అమ్మ ఎప్పటిలాగే కుండ లోపల, మడ్డిని దించే చిల్లగింజ అరగదీసి ఆ నీళ్లు పోసింది. మధ్యాహ్నానికి మడ్డి దిగి తేటబడ్డాయి. ఊరందరిలాగే అమ్మా ఆ తేటను నమ్మి చెంబు ముంచింది. జేజి చెయ్యి పట్టుకుంది.

"తేటగుండాయని తాపేస్తావా? తల్లి తాగిందేగా బిడ్డకు పాలు! పప్పెయ్యి ముందు."

కొత్త చెలమ తోడినప్పుడు మా పల్లెలో అదే పరీక్ష, గుప్పెడు కందిపప్పు ఉడికితేనే తాగే నీళ్లు. ఆ రోజు పుల్లలన్నీ అయిపోయినా పప్పు పలుకులాగే ఉండింది. "గుక్కెడియ్యండే" అని అక్క ఏడ్చింది, అమ్మ ఏడ్చింది, జేజి మాత్రం కరగలేదు. సముద్రానికి దూరంగా లోపలున్న తాటితోపు దాకా నడిచి కొత్త చెలమ తోడించి, ఆ నీళ్లలో పప్పు మెత్తబడ్డాకే అక్క నోట్లో పోసింది. తేట నీళ్లు తాగిన పక్కింటివాళ్లు అప్పటికే వాంతులతో మంచాన పడ్డారు. పాత చెలమ బాగయిందేమోనని నేను రోజూ పోయి నాలుక కొసతో చూసేదాన్ని. వానలు పడ్డాక గానీ ఆ నీళ్లు మళ్లీ తియ్యగా కాలేదు.

ఇప్పుడు ఆ దిబ్బలు చదునై రొయ్యల గుంటలయ్యాయి. చెలమ తోడేవాళ్లూ లేరు, చిల్లగింజ ఎరిగినవాళ్లూ లేరు. తాగేది డబ్బా నీళ్లు, కుక్కర్లో ఏ నీళ్లకైనా పప్పు మెత్తబడుతుంది. అయినా కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా నేను చిన్న గిన్నెలో గుప్పెడు పప్పు పొయ్యి మీద పెడతాను. డబ్బా మోసుకొచ్చే అక్క కొడుకు చెమట తుడుచుకుంటూ నవ్వుతాడు.

"ఇంకా ఈ పిచ్చేంది పిన్నమ్మా? దప్పికవతా ఉండాది, గలాసుడియ్యి."

ఆనాడు అక్క ఒళ్లో ఉన్న పసిగుడ్డు వాడే.

"ఉడకనీ అబ్బయ్యా," అంటాను, "అప్పుడు తాగుదువుగాని."