అక్క దాచుకున్న షుగరు

మా అక్క రామసుబ్బమ్మ చివరిగా చేసిన పని, గల్ఫ్‌లో, మబేలా అనే చోట తనుండే రూమ్‌లో నాకు టీ కలిపివ్వడం. ఆ మధ్యాహ్నం పడుకుని మళ్లీ లేవలేదు.

ఆమె పనిమనిషిగా డ్యూటీ చేసే ఇంటివాళ్లు మూడేసి నెలలకు కొత్త ఆరోగ్య బీమా కట్టేవాళ్లు. కొత్త బీమా, అంతకుముందే డాక్టరు రాసిన పాత జబ్బులకు చెల్లదు. ఆ భయంతో అక్క తనకు షుగరుందని ఏ డాక్టరుకూ చెప్పలేదు, మందులూ వాడలేదు.

అలాంటి బీమాలు ఆపే చట్టం తెస్తారట అని విని, ఇంటావిడ ముందే పాత జబ్బులకూ పనికొచ్చే ఏడాది బీమా తీసుకుంది.

"ఇంగ దాసే పన్ల్యా పాపా! నీకు ముందే చెప్పింటే రియాజ్ అంగడి దాకా టముకేసేదానివి," అని అక్క అప్పుడే నాకు షుగరు సంగతి చెప్పి నవ్వింది.

ఆ తర్వాత తను బతికిన కొన్ని నెలలూ మందులతో హాయిగా గడిచాయి. అదే నాకు ఊరట.

మొన్న, అక్కతో పాటు రూమ్‌లో ఉండే సుమలత చెప్పింది: ఇన్నేళ్లూ అక్క చక్కెర లేకుండానే టీ కాచి, నా గ్లాసులో మాత్రం విడిగా కలిపేదట.