అకాల మరణం కాదు, హత్య

పోయిన నెల సిద్దిపేట దవాఖానలో మా పెద్దమ్మ పోయింది. మేం శవాన్ని తీసుకుని నంగునూరు దాటి ఊరు చేరేసరికే బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ కట్టేశారు. ఆమె ఫోటో చిన్నగా, దండం పెడుతున్న నాయకుల ఫోటోలు పెద్దగా. సిగ్గుండాలి.

ఆమె భర్త, మా పెద్దబాపు, అప్పట్లో ఆ ఊరి సర్పంచ్. బడి వెనుక సర్కారు భూమిని ఊరి పెద్దలు కొందరు తమ పొలాల్లో కలుపుకున్నారు. దాన్ని కొలిపించి భూమి లేనివాళ్లకు పంచాలని ఆయన పంచాయతీలో తీర్మానం చేయించాడు. సర్వేయర్ సోమవారం రావాలి. ఆదివారం పొలం దారిలో ఆయన్ని నరికి చంపారు. సర్వేయర్ రానేలేదు. సాక్షులు కోర్టులో ఏమీ చూడలేదన్నారు. ఇప్పుడు ఆ భూమి అంతా ప్లాట్లే. వంద కుటుంబాలు సొంత పొలం దున్నుకోవాల్సిన ఊరు కూలికి పోతోంది.

టీవీలో ఎక్కడో ఒక నాయకుణ్ని కాల్చి చంపారని వస్తే, చంపిందెవరని మేమంతా అడిగేవాళ్లం. పెద్దమ్మ బీడీల చాట పక్కన పెట్టి వేరే సంగతి అడిగేది.

"గాయిన ఏం పని మొదలువెట్టిండు? గది ఇప్పుడు ఎవ్వలు వట్టుకున్నరు?"

నేను పేపర్లలో వెతికేవాణ్ని. చాలాసార్లు జవాబు దొరికేది కాదు.

"సూసినవా? మనిషికి దండలేస్తరు, పనిని పాతిపెడ్తరు" అనేది.

ఆమె బీడీలు చుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆ చదువుతో నేనేం చేశానో చెబుతాను. హత్య జరిగిన రెండేళ్లకు ఆ పెద్దలే పెద్దబాపు విగ్రహం పెడతామని వచ్చారు. ఎవరి మీద అనుమానం ఉంటుందో వాళ్లే ముందు నిలబడి విగ్రహం పెట్టించడం మా వైపు కొత్తేమీ కాదు. "సదువుకున్నోనివి, రాయి మీదికి నువ్వే రాయి" అన్నారు. పొంగిపోయాను. 'ప్రజాసేవలో ఉండగా అకాల మరణం చెందిన' అని రాశాను. హత్య అంటే మొరటుగా ఉంటుందనుకున్నాను. నా మొఖం మండ! ఆ కాగితం మీద పెద్దమ్మ నన్ను నమ్మి వేలిముద్ర వేసింది.

నలభై దాటాక మహిళా సంఘంలో ఆమె అక్షరాలు నేర్చుకుంది. ముందు బస్సు బోర్డులు చదివింది. తర్వాత వెళ్లి ఆ రాయి చదివింది. అదే రోజు బస్సెక్కి సిద్దిపేటలో మా ఇంటికి వచ్చింది.

"అకాల మరణమేంది కొడుకా? పాము గరిసిందా, పిడుగు వడ్డదా? నరికిన్రు. నరికిన్రని రాయనీకె నీకు చెయ్యి రాలేదా?"

అయినా ఆమె తిట్టి పోలేదు, అందరికీ అన్నం పెట్టి తను తిన్నాకే వెళ్లింది. ఆ ఏటి నుంచి ప్రతి వర్ధంతికీ దండలతో వచ్చినవాళ్లకు అడ్డంగా నిలబడేది.

"దండ తర్వాత. ముందుగాల గా మాట మార్సున్రి."

"సూద్దాం అవ్వా" అని ఫోటోలు దిగి పోయేవారు. ఇరవై ఏళ్లు అట్లాగే చూశారు, దొంగలు! నేను మాత్రం? రెండు అర్జీలు ఇచ్చి చేతులు దులుపుకున్నాను.

పెద్దమ్మ పోయిన పదోనాడు ఆ పెద్దల్లో పెద్దాయన మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాయ్ ఇచ్చాం.

"మీ పెద్దమ్మ విగ్రహం గూడ గాడనే పక్కపొంటి పెడ్దాం తమ్మీ. గుంత తవ్విపిచ్చిన. ఎన్కటి లెక్కనే రాయి మీదికి నువ్వే రాసియ్యాలె."

అక్కడే రాసిచ్చాను. 'ఈమె భర్తను నరికి చంపారు. ఆయన కొలిపించబోయిన భూమిని ఇంతవరకు ఎవరూ కొలవలేదు. పక్క రాయి మీది మాట అబద్ధం. అది రాసింది నేనే.' కింద నా పేరు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

రాయి ఇంకా రాలేదు. విగ్రహం పక్కన తవ్విన గుంత నిన్నటి వానకు నిండింది. మేకలు వచ్చి నీళ్లు తాగిపోతున్నాయి.